కదురు అడుగున ఏ బేరింగు? తక్కువ రాపిడి థ్రస్ట్ బేరింగు ఎంచుకునే పద్ధతి

బొంగరాన్ని ఇసుకలో వేస్తే నాలుగు చుట్లు తిరిగి ఒరిగిపోతుంది. అదే బొంగరాన్ని నున్నటి నాపరాయి మీద వేస్తే కదలకుండా నిలబడి నిద్రపోతుంది. ములుకు అదే, బరువు అదే. మారింది కింద నేల ఒక్కటే. నిలువుగా తిరిగే కదురు అడుగున, దాని బరువును మోసే థ్రస్ట్ బేరింగుగా ఏం పెట్టాలన్న ప్రశ్నకు సగం జవాబు ఇందులోనే ఉంది. మిగతా సగం జవాబు అడుగున లేదు, కదురు మెడ దగ్గర, అంటే ఇరుసును పక్కనుంచి పట్టుకునే చోట ఉంది. అక్కడికీ వద్దాం.

అంబర్ చరఖా (ఒకేసారి ఎక్కువ కదుళ్లతో నూలు వడికే చేతి యంత్రం) తరహా నిలువు కదుళ్లు, ఇంట్లో చేసుకునే చిన్న మోటారు రాట్నాలు, పాటూరు లాంటి నేత ఊళ్లలో కండెలు చుట్టే రాట్నాలు, వీటన్నిటికీ ఇక్కడ చెప్పేది పనికొస్తుంది. కదురు, కండె, నూలు అన్నీ కలిపి కిలోలోపు బరువు, నిమిషానికి 500 నుంచి 6000 చుట్లు. ఈ హద్దులు దాటితే లెక్క మారుతుంది, ఎక్కడ మారుతుందో ఆ చోట చెప్తాం.

కొనే ముందు నాలుగు కొలతలు

బేరింగు నంబరు అడుగుతూ ఆటోనగర్‌కు వెళ్లే ముందు ఒక కాగితం మీద నాలుగు అంకెలు రాసుకోండి.

మొదటిది బరువు. కండె నిండా నూలు ఉన్నప్పుడు కదురును తీసి వంటింటి ఎలక్ట్రానిక్ త్రాసు మీద పెట్టండి. మామూలుగా 200 నుంచి 400 గ్రాములు ఉంటుంది. ఉదాహరణకు 300 గ్రాములు అనుకుందాం. అంటే అడుగున పడే తోపు (థ్రస్ట్) దాదాపు 3 న్యూటన్లు.

రెండోది బెల్టు లాగుడు. బెల్టును కదురు మీద నుంచి తీసి, ఆ చోట స్ప్రింగ్ త్రాసు కొక్కెం తగిలించి, కదురు ఉండే స్థానం దాకా లాగండి. ముల్లు చూపించే బరువే కదురు మెడ మీద పక్కనుంచి పడే భారం. తాడు బిగించి కట్టే అలవాటున్న చోట ఇది సులువుగా ఒకటిన్నర కిలో దాటుతుంది. చాలామంది ఈ కొలత తీసుకోరు, తీసుకున్నాక నమ్మరు.

మూడోది వేగం. చక్రం వ్యాసాన్ని కదురు గిలక వ్యాసంతో భాగించండి. 600 మి.మీ. చక్రం, 12 మి.మీ. గిలక అయితే 50 రెట్లు. చక్రం నిమిషానికి 60 చుట్లు తిరిగితే కదురు 3000 తిరుగుతుంది. బెల్టు జారడం వల్ల కొంత తగ్గుతుంది, దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

నాలుగోది కదురు నిలువా, అడ్డమా అన్నది. నిలువైతే బరువంతా అడుగుకు వస్తుంది. అడ్డమైతే అడుగు తోపు అంటూ పెద్దగా ఉండదు. నూలు లాగుడు కొంత, చక్రం గాడీ, గిలక ఒకే వరసలో లేకపోవడం వల్ల బెల్టు పక్కకు నెట్టేది కొంత ఉంటుంది. చక్రానికీ కదురుకూ మధ్య 500 మి.మీ. దూరం ఉండి, వరస 10 మి.మీ. తప్పితే, ఒకటిన్నర కిలో లాగుడులో 30 గ్రాములు మాత్రమే తోపుగా మారుతుంది. అడ్డ కదురుకు థ్రస్ట్ బేరింగు కొనడం చాలా సందర్భాల్లో దండగ. ఒక ఇనుప స్కేలు ఆనించి వరస సరిచేసి, కాలర్ పక్కన ఒక నైలాన్ వాషరు వేస్తే పని అయిపోతుంది.

అసలు రాపిడి ఎక్కడుంది?

పైన అనుకున్న కదురునే లెక్క వేసి చూద్దాం. మెడ దగ్గర 8 మి.మీ. ఇరుసు, దానికి మామూలు ఇత్తడి బుష్షు (బంతులు లేని గొట్టం లాంటి ఆధారం), బెల్టు లాగుడు 15 న్యూటన్లు. నూనె అంతంతమాత్రంగా ఉన్న బుష్షులో రాపిడి గుణకం 0.1 వేసుకోండి. 0.1 × 15 × 4 మి.మీ. అంటే 6 న్యూటన్-మిల్లీమీటర్ల ఎదురు తిప్పు (తిరగకుండా అడ్డుపడే టార్క్). 3000 చుట్ల దగ్గర ఇది తినే శక్తి దాదాపు 1.9 వాట్లు.

ఇప్పుడు అడుగు. 3 మి.మీ. ఉక్కు బంతి గట్టిపరచిన చదును ఉక్కు మీద ఆనితే, 3 న్యూటన్ల బరువుకు అవి తాకే మచ్చ వ్యాసార్థం 0.03 మి.మీ. మాత్రమే. రాపిడి గుణకం 0.12 అనుకున్నా ఎదురు తిప్పు 0.0066 న్యూటన్-మిల్లీమీటర్లు. అదే 3000 చుట్ల దగ్గర 2 మిల్లీవాట్లు. మెడ తినేదానిలో దాదాపు వెయ్యో వంతు!

అందుకే వరస ఇలా పెట్టుకోండి: ముందు బెల్టు లాగుడు తగ్గించడం, తర్వాత మెడకు బాల్ బేరింగు, ఆ తర్వాతే అడుగు. మెడ బుష్షు స్థానంలో 608 నంబరు బాల్ బేరింగు వేస్తే అక్కడి రాపిడి, లెక్క ప్రకారం, 6 నుంచి 0.09కి పడిపోతుంది. లావు తాడు తీసేసి సన్నటి పాలీయురేథేన్ గుండ్రటి బెల్టు వేస్తే లాగుడు కూడా తగ్గుతుంది. ఈ రెండూ చేయకుండా అడుగున ఎంత ఖరీదైన బేరింగు పెట్టినా కాలికి తేడా తెలియదు.

మెడ సంగతి తేలాక అడుగు ఎంపికకు అర్థం ఉంటుంది. అక్కడ నాలుగు దారులున్నాయి.

మొదటి దారి: మొన, పలక

కదురు కొనకు గుండ్రటి మొన, దాని కింద గట్టి చదును పలక. అరకిలోలోపు బరువుకు దీన్ని మించింది లేదు. కుమ్మరి సారె అడుగున ములుకు చేసే పని ఇదే.

నియమం ఒక్కటే. తాకే మచ్చ ఎంత చిన్నదైతే రాపిడి అంత తక్కువ. కానీ మచ్చ చిన్నదయ్యేకొద్దీ ఒత్తిడి పెరుగుతుంది. 3 మి.మీ. బంతి కింద 300 గ్రాములకే నడిమధ్య ఒత్తిడి దాదాపు 1.5 గిగాపాస్కల్. మామూలు ఇనుప ముక్క 0.4 దగ్గరే గుంట పడటం మొదలుపెడుతుంది. కాబట్టి మెత్తటి ఇనుము మీద మొన పెడితే అది మొదటి రోజే తన గుంట తానే తవ్వుకుంటుంది. గుంటలో దిగిన మొన చుట్టూ రాసుకుంటుంది, రాపిడి రెట్లలో పెరుగుతుంది. ‘కొత్తలో బాగా తిరిగింది, వారానికే బరువెక్కింది’ అనే ఫిర్యాదుకు మూలం చాలాసార్లు ఇదే.

పలకకు పనికొచ్చేవి: లేత్ పనిలో వాడి పడేసే, నడుమ బొక్కలేని కార్బైడ్ టిప్పు (దాని అరిగిన అంచుతో మనకు పని లేదు, చదును ముఖం చాలు), లేదా గట్టిపరచి రుద్దిన టూల్ స్టీలు ముక్క. గాజు పలక పరీక్షకు బాగుంటుంది, రోజూ వాడకానికి కాదు. కదురు ఒకసారి ఎగిరి పడితే పగులుతుంది. మన చీమకుర్తి నల్ల గ్రానైటు అద్దంలా మెరుస్తుంది కాబట్టి అదైతే ఎలా ఉంటుందన్న ఆలోచన ఎవరికైనా వస్తుంది. చేయవద్దు. ఆ మెరుపు రకరకాల ఖనిజాల రేణువులు పక్కపక్కన అతుక్కుని ఉన్న ముఖానిది. మొన ఒక రేణువు అంచు మీద పడితే అక్కడి నుంచే రాలడం మొదలవుతుంది.

తయారీ ఇలా:

కదురును లేత్ చక్‌లో పట్టించి, డయల్ గేజ్‌తో వంకర 0.02 మి.మీ. లోపు ఉండేలా చూసుకోవాలి. అడుగు కొనను చదును చేసి, సెంటర్ డ్రిల్ వేసి, 3 మి.మీ. రంధ్రం దాదాపు 2 మి.మీ. లోతు తీయాలి. 3 మి.మీ. క్రోమ్ స్టీలు బంతిని బేరింగు అతికించే జిగురు ఒక చుక్కతో అందులో కూర్చోబెట్టాలి. బంతి సగానికి పైగా లోపల ఉండి, ఒక మిల్లీమీటరు బయటికి కనిపించాలి. జిగురు బంతి ముఖం మీదికి రాకూడదు, వస్తే అసిటోన్ గుడ్డతో వెంటనే తుడవాలి.

ఈ రంధ్రాన్ని చేతి డ్రిల్లుతో తీయవద్దు. బంతి నడిమి నుంచి 0.1 మి.మీ. పక్కకు పడిందంటే, మొన ఒకచోట తిరగకుండా పలక మీద సున్నా గీస్తుంది. లెక్క వేస్తే రాపిడి 0.0066 నుంచి 0.036కి, అంటే అయిదు రెట్లకు పైగా పెరుగుతుంది. దాంతో పాటు అదురు కూడా వస్తుంది.

ఇక్కడ ఎక్కువమంది చేసే ఇంకో తప్పు, బంతి పక్కకు జారకుండా పలకలో డ్రిల్లు మొనతో చిన్న గుంట పెట్టడం. చూడ్డానికి ముచ్చటగా కుదురుతుంది. కానీ 90 డిగ్రీల శంకువులో 3 మి.మీ. బంతి ఆనేది అడుగు మొన మీద కాదు, నడిమి నుంచి 1.06 మి.మీ. దూరంలో ఒక వలయం మీద. ఎదురు తిప్పు 0.54 న్యూటన్-మిల్లీమీటర్లు, అంటే చదును పలక మీద కంటే 80 రెట్లు. గుంట కావాల్సిందే అనుకుంటే దాని వంపు వ్యాసార్థం బంతిదానికంటే ఒకటిన్నర, రెండు రెట్లు పెద్దగా ఉండాలి. అప్పుడే అడుగు మాత్రమే తాకుతుంది.

పలక చదునుగా ఉంటే పక్కకు జారకుండా పట్టుకునే పని ఇంకెవరో చేయాలి. మొనకు 10 మి.మీ. పైన నైలాన్ గానీ, ఇత్తడి గానీ బుష్షు పెట్టండి. ఇరుసుకూ దానికీ మధ్య 0.03 నుంచి 0.05 మి.మీ. సందు చాలు. బెల్టు పైమెడకు దగ్గరగా ఉంటే ఈ కింది బుష్షు మీద భారం పెద్దగా పడదు. గిలక రెండు ఆధారాల మధ్యన ఉంటే భారం పంచుకుంటుంది, అప్పుడు కింద కూడా బాల్ బేరింగే మేలు.

పైన ఒక అడ్డు తప్పనిసరి. నూలు తెగినప్పుడో, చేయి తగిలినప్పుడో కదురు పైకి ఎగురుతుంది. ఎగిరి పడితే 3 న్యూటన్ల బరువు ఒక్క క్షణం పదుల న్యూటన్లవుతుంది, పలకకు చుక్క పడుతుంది. గిలక పైన అర మిల్లీమీటరు సందుతో ఒక రేకు కొక్కెం చాలు. అది తిరిగేటప్పుడు దేనికీ తాకకూడదు.

రెండో దారి: విడిగా థ్రస్ట్ బేరింగు లేకుండా

చాలామందికి తట్టని దారి ఇది. బరువు అరకిలో నుంచి కొన్ని కిలోల దాకా ఉంటే, మెడకు వేసిన డీప్ గ్రూవ్ (లోతు గాడిలో బంతులు దొర్లే మామూలు రకం) బాల్ బేరింగే అడుగు తోపును కూడా మోస్తుంది. 608 అంటే లోపలి రంధ్రం 8, బయటి వ్యాసం 22, మందం 7 మి.మీ. దాని స్థిర సామర్థ్యం (తిరగకుండా ఉన్నప్పుడు మోయగల భారం) దాదాపు 1370 న్యూటన్లు. 12 మి.మీ. లోపు రంధ్రం ఉన్న చిన్న బేరింగులకు తోపు అందులో నాలుగో వంతు మించకూడదన్నది నియమం. అంటే 340 న్యూటన్లు, 35 కిలోల దాకా. మన కదురు దాని ముందు ఈక.

రెండు బేరింగులు వేస్తే ఒకటి మాత్రమే స్థానం పట్టుకోవాలి. కింది బేరింగు బయటి రింగు గూట్లో ఆనాలి, పైదాని బయటి రింగు గూట్లో వేలితో నెడితే జరిగేలా ఉండాలి. రెంటినీ బిగిస్తే ఎండకు ఇరుసు సాగినప్పుడు ఒకదాన్నొకటి నొక్కుకుంటాయి. రెండూ వేడెక్కి కదురు బరువెక్కుతుంది. నిలువు కదురుకు స్ప్రింగ్ వాషరుతో అదనపు నొక్కుడు ఇవ్వనక్కర్లేదు, దాని బరువే ఆ పని చేస్తుంది.

ఇప్పుడు నంబరు పక్కనున్న అక్షరాలు చూడాలి. 2ఆర్ఎస్ అంటే రెండు వైపులా రబ్బరు సీలు, లోపలి రింగుకు రాసుకుంటూ ఉంటుంది. జడ్‌జడ్ అంటే రేకు మూత, రాసుకోదు. ఇంత తేలిక భారం దగ్గర బంతుల రాపిడి కన్నా సీలు రాపిడీ, లోపల కుక్కిన గ్రీజూ ఎన్నో రెట్లు ఎక్కువ. కేటలాగుల్లో డీప్ గ్రూవ్‌కు 0.0015, థ్రస్ట్ బాల్‌కు 0.0013 అని రాసే రాపిడి గుణకాలు, బేరింగు సామర్థ్యంలో దాదాపు పదో వంతు భారం ఉన్నప్పటివి. 300 గ్రాములకు అవి వర్తించవు. అక్కడ రాజ్యం గ్రీజుది. కొట్టువాడు ‘సీల్‌డ్ తీసుకోండి సార్, దుమ్ము రాదు’ అంటాడు. మోటారు పంపుకు ఆ మాట నిజమే. కాలితో తొక్కే రాట్నానికి జడ్‌జడ్ అడగండి.

కొత్త బేరింగు వేలితో తిప్పితే రెండు చుట్లకే ఆగిపోతే కంగారు పడొద్దు, అది గ్రీజు. రేకు మూతను పట్టి ఉంచే సన్నటి తీగ చుట్టును గుండుసూదితో లేపి, మూత తీసి, టర్పెంటైన్‌లో రెండు మూడుసార్లు కడిగి, గాలికి ఆరనిచ్చి, కుట్టుమిషన్ నూనె రెండు చుక్కలు వేయండి. కొన్నిట్లో మూత నొక్కి బిగించేసి ఉంటుంది, తీస్తే వంగిపోతుంది. అలాంటిదాన్ని మూతతోనే కడగాలి. కడిగాక ఎయిర్ గొట్టంతో గిర్రున తిప్పి ఆనందించవద్దు. నూనె లేని బంతులు ఆ వేగానికి గీతలు పడతాయి, ఆ బేరింగు ఇక ఎప్పటికీ సన్నగా గొణుగుతూనే ఉంటుంది.

మూడో దారి: 51100 రకం థ్రస్ట్ బాల్ బేరింగు

పేరులోనే థ్రస్ట్ ఉంది కాబట్టి అందరి చేయీ ముందు దీని మీదికే పోతుంది. 51100 అంటే రంధ్రం 10, బయటి వ్యాసం 24, ఎత్తు 9 మి.మీ. చిన్నది కావాలంటే ఎఫ్8-16ఎం ఉంది: 8, 16, 5. పదుల కిలోల బరువు, తక్కువ వేగం ఉన్న చోట, ఉదాహరణకు మోటారు పెట్టిన కుమ్మరి సారెకు, ఇది సరైన వస్తువు. 300 గ్రాముల కదురుకు కాదు.

ఎందుకంటే, ఒకటి, ఇది పక్క భారం ఏమాత్రం మోయదు, మెడకు వేరే బేరింగు ఎలాగూ కావాలి. రెండు, బంతులు నేరుగా దొర్లాలంటే కనీస బరువు ఉండాలి, వేగం పెరిగేకొద్దీ ఆ కనీసం వేగపు వర్గంతో పెరుగుతుంది. బరువు చాలకపోతే బంతులు దొర్లకుండా జారతాయి, గాడిలో పొడి మచ్చలు పడతాయి. మూడు, దాని రెండు వాషర్లూ ఒకదానికొకటి సమాంతరంగా ఉండి తీరాలి. గూడు అడుగు 0.02 మి.మీ. వాలినా బరువంతా ఒక పక్క బంతుల మీదే పడుతుంది.

వాడాల్సి వస్తే ఒక్క సంగతి చేతిలో పట్టుకుని చూడండి. రెండు వాషర్లూ ఒకేలా కనిపిస్తాయి, ఒకేలా ఉండవు. వెర్నియర్ పెడితే 51100లో ఒకదాని రంధ్రం 10.0, రెండోదానిది 11. పది రంధ్రంది ఇరుసుతో తిరగాలి, పదకొండుది గూట్లో కదలకుండా కూర్చోవాలి. తలకిందులుగా పెడితే కదలని వాషరు లోపలి అంచు తిరిగే ఇరుసుకు రాసుకుంటుంది. ఇరుసు మీద మెరిసే గీత పడి, గూట్లో నల్లటి పేస్టు చేరిందంటే వాషర్లు మారిపోయాయన్నమాటే. బిగించేటప్పుడు సుత్తితో కొట్టొద్దు. ఒక్క దెబ్బకు గాడిలో బంతుల గుర్తులు పడతాయి, తిప్పినప్పుడు టిక్ టిక్ మంటుంది.

నీడిల్ థ్రస్ట్ బేరింగు సన్నగా ఉంటుందని కొనేవాళ్లున్నారు. దాని రాపిడి గుణకం 0.005, బాల్ రకానికి దాదాపు నాలుగు రెట్లు. రోలరు లోపలి కొన, బయటి కొన వేర్వేరు వేగాలతో పోవాల్సి రావడం వల్ల ఎప్పుడూ కొంత జారుతూనే ఉంటుంది. కదురుకు వద్దు.

నాలుగో దారి: అయస్కాంతాలు, పాత మిల్లు స్పిండిళ్లు

రెండు రింగు అయస్కాంతాలను ఒకదానికొకటి ఎదురుపెడితే కదురు గాల్లో తేలుతుందన్న ఆశ చాలామందికి. స్థిరమైన అయస్కాంతాలతో మాత్రమే ఏ వస్తువునూ నిలకడగా తేల్చలేమని 1842లోనే ఎర్న్‌షా నిరూపించాడు. ఎక్కడో ఒకచోట తాకి తీరాలి. కాకపోతే బరువులో 70, 80 శాతం అయస్కాంతం మోసి, మిగతాది మొన మోసేలా పెట్టుకోవచ్చు. బరువు ఎక్కువున్న కదుళ్లకు మొన అరుగుడు తగ్గించడానికి అది మంచి ఉపాయమే. మన తీరంలో నియోడిమియం అయస్కాంతం నికెల్ పూత ఒక్కచోట లేచినా చాలు, ఉప్పుగాలికి పొడిపొడిగా రాలుతుంది. ఎపాక్సీ పూత ఉన్నవి తీసుకోండి.

పాత తిరుగుడు చక్రం కరెంటు మీటర్లలో నీలమణి గిన్నె బేరింగు ఉంటుంది, పాత సామాన్లలో దొరికితే తీసి వాడదామనుకుంటారు. అది చాలా తేలికైన చక్రానికి చేసింది, 300 గ్రాముల కదురు ఒక్కసారి ఎగిరి పడితే చీలుతుంది. వాడకంలో ఉన్న మీటరు జోలికి మాత్రం పోవద్దు, అది నేరం.

వీటన్నిటికన్నా, దొరికితే, మూసేసిన స్పిన్నింగ్ మిల్లుల పాత రింగ్ ఫ్రేమ్ స్పిండిలు మేలు. బోల్స్టరుతో (స్పిండిలు దిగి కూర్చునే గొట్టం) సహా కొనాలి. అందులో పైన రోలర్ బేరింగు, కింద గుండ్రటి మొన ఆనే గిన్నె, చుట్టూ నూనె, అంతా ఒకే గొట్టంలో అమర్చి ఉంటుంది. నిమిషానికి పదిహేను వేలకు పైగా తిరగడానికి చేసిన వస్తువు, మన 3000 దానికి విశ్రాంతి. గిలక వ్యాసం సుమారు 20 మి.మీ. ఉంటుంది కాబట్టి 600 చక్రంతో 30 రెట్లే వస్తుంది, చక్రం పెద్దది చేయాలి లేదా మధ్యలో ఇంకో పుల్లీ పెట్టాలి. కొనేటప్పుడు స్పిండిలు పైకి లాగి చూడండి. మొన నున్నగా మెరుస్తుంటే తీసుకోండి, చదునుగా అరిగి అంచు వచ్చి ఉంటే వదిలేయండి. పాత నూనె పారబోసి, ఐఎస్ఓ వీజీ 10 (వీజీ అంకె నూనె చిక్కదనాన్ని చెప్తుంది) స్పిండిల్ నూనె పోయండి.

నూనె

మొనకు ఒక చుక్క, నెలకోసారి. వీజీ 10 నుంచి 22 లోపు పలుచటి ఖనిజ నూనె. కుట్టుమిషన్ నూనె సరిపోతుంది. కొబ్బరి నూనె వద్దు, 24 డిగ్రీల దగ్గర పేరుకుంటుంది, డిసెంబరు తెల్లవారుజామున కదురు కదలదు. ఆముదం మొదట్లో బ్రహ్మాండంగా ఉంటుంది, తర్వాత జిగురవుతుంది. కొత్తపట్నం, మైపాడు వైపు, సముద్రానికి దగ్గరగా ఉన్న ఇళ్లలో నూనె రాపిడి కోసం కన్నా తుప్పు ఆపడానికి ఎక్కువ అవసరం. వాడని రోజుల్లో కూడా మొన మీద నూనె పొర ఉండాలి. చీమకుర్తి చుట్టుపక్కల రాతి దుమ్ము ఎగిరే ఊళ్లలో తెరిచి ఉన్న గిన్నె పెట్టొద్దు. కదురుకు ఒక చిన్న గొడుగు రేకు బిగించి, అది గూడు అంచు మీదుగా తాకకుండా దిగేలా చేయండి. ఫెల్ట్ వాషరు దుమ్మును ఆపుతుంది కానీ, మనం ఇంత కష్టపడి తగ్గించిన రాపిడిని మళ్లీ తెచ్చి పెడుతుంది.

ఆగేదాకా కొలిచే పరీక్ష

వేలితో తిప్పి ‘బాగుంది’ అనడం పరీక్ష కాదు. గిలక మీద తెల్ల చుక్క పెట్టండి. బెల్టు తీసేసి, కదురుకు 300 గ్రాముల బరువు, 60 మి.మీ. వ్యాసమున్న గుండ్రటి బిళ్ల బిగించండి. తాడు చుట్టి లాగి తిప్పి, ఫోను స్లో మోషన్ వీడియో తీయండి. చుట్లు లెక్కపెట్టి, వేగం 1000కి వచ్చిన క్షణం నుంచి ఆగేదాకా ఎన్ని సెకన్లో చూడండి. ఆ బిళ్లకు 14ను సెకన్లతో భాగిస్తే సగటు ఎదురు తిప్పు న్యూటన్-మిల్లీమీటర్లలో వస్తుంది. 60 సెకన్లకు ఆగితే దాదాపు 0.24. మూడుసార్లు చేసి మధ్య అంకె తీసుకోండి. ఫ్యాను ఆపండి, బిళ్ల మీద గాలి రాపిడి కూడా ఇందులో కలుస్తుంది.

బిళ్ల బరువు కదురు బరువుకు కలుస్తుంది కాబట్టి, రెండు బేరింగులను పోల్చేటప్పుడు అదే బిళ్ల, అదే నూనె, అదే గది ఉండాలి. తర్వాత బెల్టు వేసి, చక్రాన్ని వదిలేసి మళ్లీ తిప్పండి. ఇక్కడ సెకన్లు ఒక్కసారిగా పడిపోతాయి. చక్రం బేరింగు, బెల్టు వంగుడు, మెడ భారం అన్నీ బయటపడేది అప్పుడే.

చెడినప్పుడు ఎక్కడ చూడాలి

కీచుమని సన్నటి శబ్దం వస్తే మొన ఎండిపోయింది. నూనె వేసినా ఆగకపోతే పలకను వెలుతురుకు వాల్చి చూడండి, సూదిమొనంత గుంట కనిపిస్తుంది. పలకను రెండు మిల్లీమీటర్లు పక్కకు జరిపి బిగిస్తే కొత్త చోటు దొరుకుతుంది. అందుకే పలకను మొదటే ఒక స్క్రూతో జరిపేలా పెట్టుకోవాలి.

ఎర్రటి పొడి పలక చుట్టూ చేరితే అది తిరిగి అరిగింది కాదు, కదలకుండా అదిరి అరిగింది. రాట్నాన్ని ఆటోలో వేసుకుని ఊరు మార్చినప్పుడు కదురును తీసి విడిగా చుట్టి తీసుకెళ్లాలి.

ఖాళీ కండెతో బాగా తిరిగి, నిండే కొద్దీ అదిరితే అది బేరింగు తప్పు కాదు. కండె వంకరగా ఉంది, లేదా నూలు ఒక పక్క ఎక్కువ చుట్టుకుంది.

వారం పది రోజులకు మెల్లగా బరువెక్కడం అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే జబ్బు. దీనికి బేరింగు మార్చేస్తుంటారు. ముందు కదురును పైకి తీసి గిలక కింద, బుష్షుకూ గిలకకూ మధ్య ఉన్న సందులో చూడండి. దూది పీచు నూనెలో తడిసి, బూడిదరంగు తాడులా ఇరుసుకు బిగుసుకుని చుట్టుకుని ఉంటుంది. బ్లేడు కొనతో పొడవునా కోసి లాగితే ఉంగరంలా ఊడి వస్తుంది. ఏకులు బాగా పీచు వదిలే రకమైతే దీన్ని వారానికోసారి తీయాల్సిందే. పీచు నూనె పీల్చేసి ఉంటుంది కాబట్టి, తీశాక మొన దగ్గర ఒక చుక్క వేసి మళ్లీ ఆగేదాకా కొలవండి. సెకన్లు మొదటి రోజు అంకెకు వస్తే బేరింగు కొనే పని లేదు.